గ్యాసుతో కరెంటు పుట్టించిన గ్రోవ్ గారు

ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే భాగం నా వంతుకు వచ్చింది. కొమురం భీం గురించి, మేరీ క్యూరీ గారి గురించి మనవాళ్లు ఇదివరకే రాశారు. అందుకని నేను సర్ విలియం రాబర్ట్ గ్రోవ్ గారి గురించి రాస్తున్నాను. ఫ్యూయల్ సెల్‌కు తండ్రి అని ఈయనకు పేరు. ఫ్యూయల్ సెల్ అంటే ఏమిటో ముందు ఒక ముక్క చెప్తాను. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్లు అవుతాయని మనం చదువుకున్నాం. మంట పెట్టకుండా ఆ రెండింటినీ కలిపి, ఆ కలయికలో నుంచి కరెంటు తీసే డబ్బానే ఫ్యూయల్ సెల్. పొగ రాదు, చప్పుడు ఉండదు. చివరికి మిగిలేది నీళ్లు.

గ్రోవ్ గారు 1811 జూలై 11న వేల్స్ దేశంలోని స్వాన్సీ అనే ఊళ్లో పుట్టారు. ఇంగ్లండును ఆనుకుని ఉన్న చిన్న దేశం వేల్స్. ఆ కాలంలో స్వాన్సీ నిండా రాగి కరిగించే కొలుములే, చుట్టూ బొగ్గు గనులే. కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన మనలాంటివాళ్లకు ఆ ఊరు ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన తండ్రి అక్కడ మేజిస్ట్రేటు, బాగా కలిగినవారు. చిన్నప్పుడు పంతుళ్లను పెట్టి చదివించారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేజ్‌నోస్ కాలేజీలో చేరి 1832లో బి.ఏ. పాసయ్యారు. లండన్‌లో లా చదివి 1835లో వకీలు అయ్యారు.

వకీలైతే అయ్యారు గానీ ఒంట్లో బాగుండేది కాదు. కోర్టు పని చేయలేక సైన్సు ప్రయోగాల వైపు తిరిగారు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. మా గూడెంలో ఒకరికి జబ్బు చేస్తే కూలి పోతుంది, అప్పు మిగులుతుంది, ఇంట్లో పెద్దపిల్ల బడి మానేస్తుంది. ఈయనకు జబ్బు చేస్తే ప్లాటినం రేకులు కొనుక్కుని ప్రయోగాలు చేశారు. ఆయన తెలివి తక్కువదని నేను అనడం లేదు. అంత తెలివి ఉన్నవాళ్లు మా గూడెంలో కూడా ఉండి ఉంటారు, వాళ్లకు ప్లాటినం ఎవరు కొనిస్తారు అని అడుగుతున్నాను అంతే.

1837లో ఎమ్మా పౌల్స్ గారితో పెళ్లయింది. ఇద్దరూ కలిసి ఐరోపా దేశాలు తిరిగి వచ్చారు. ఆ తర్వాత రెండేళ్లకే, 1839లో, ఆయన చేసిన బ్యాటరీ పేరు అంతటా వినిపించింది. అప్పటికే బ్యాటరీలు ఉన్నాయి, కాకపోతే వాటిలో చాలావరకు కాసేపటికే నీరసించిపోయేవి. గ్రోవ్ గారు జింకు పలకను పలుచని గంధకామ్లంలో పెట్టారు. ప్లాటినం రేకును గాఢ నత్రికామ్లంలో పెట్టారు. ఈ రెండు ఆమ్లాలూ కలిసిపోకుండా మధ్యలో కాల్చిన మట్టిపాత్ర ఉంచారు. మన మంచినీళ్ల కుండ బయట చెమరుస్తుంది కదా, అట్లాంటి మట్టి. ద్రవాలను త్వరగా కలవనివ్వదు గానీ కరెంటుకు దారి ఇస్తుంది. ఈ మట్టిగోడను గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది. ఆ బ్యాటరీ దాదాపు 2 వోల్టుల బలంతో గట్టిగా పనిచేసేది. అమెరికాలో మొదటి టెలిగ్రాఫ్ ఆఫీసులు చాలా ఏళ్లు దాన్నే వాడాయి. దాని చెడ్డ గుణం ఏమిటంటే, పనిచేస్తున్నంతసేపూ గోధుమరంగు విషవాయువు వదిలేది. అందువల్లే మెల్లగా దాన్ని మానేశారు.

1840లో ఆయనను రాయల్ సొసైటీలో సభ్యుడిగా తీసుకున్నారు. 1841లో లండన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసరు అయ్యారు. అప్పుడు మన హైదరాబాదులో నాలుగో నిజాం నాసిరుద్దౌలా పాలన. చార్మినార్ చుట్టూ రాత్రిపూట నూనె దీపాలే.

ఇక అసలు సంగతికి వస్తాను. నీటిలోకి కరెంటు పంపితే ఒక వైపు హైడ్రోజన్, ఒక వైపు ఆక్సిజన్ బుడగలు వస్తాయి. దీన్నే విద్యుద్విశ్లేషణ అంటారు. గ్రోవ్ గారు దీన్ని తిరగేసి ఆలోచించారు. కరెంటు ఇస్తే నీరు విడిపోయి రెండు వాయువులు అయినప్పుడు, ఆ రెండు వాయువులూ కలిసి నీరు అయితే మనం ఇచ్చిన కరెంటు తిరిగి రావాలి కదా! రెండు గాజు గొట్టాలను పలుచని గంధకామ్లంలో బోర్లించి, ఒక్కో దాంట్లో ఒక ప్లాటినం రేకు పెట్టి, ఒక గొట్టంలో హైడ్రోజన్, ఇంకో దాంట్లో ఆక్సిజన్ నింపారు. రెండు రేకులనూ తీగతో గాల్వనామీటరుకు కలిపితే ముల్లు పక్కకు జరిగింది. జరిగి అక్కడే నిలబడింది. కరెంటు పారుతూనే ఉందన్నమాట. ఈ సంగతి మొదట 1839లోనే రాశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే ఆయన కూడా ఇదే విషయం కనిపెట్టారు. ఓజోన్‌ను కనిపెట్టిన షోన్‌బైనే ఈయన. ఒకే పని ఇద్దరు చేస్తే కొట్లాట వస్తుంది అనుకుంటాం. వాళ్లు ఉత్తరాలు రాసుకుంటూ స్నేహితులయ్యారు.

1842లో గ్రోవ్ గారు ఇట్లాంటి సీసాలు 50 వరసగా కలిపి పెద్ద బ్యాటరీ చేశారు. అయిదుగురు మనుషులు చేతులు పట్టుకుని నిలబడితే అయిదుగురికీ షాకు తగిలిందట. ఒక్కరే పట్టుకుంటే నొప్పి పుట్టేంత. వాయువులు ఖర్చవుతున్న కొద్దీ గొట్టాల్లో ద్రవం పైకి లేచేది. హైడ్రోజన్ గొట్టంలో రెండంతలు, ఆక్సిజన్ గొట్టంలో ఒక అంత. నీటిలో ఆ రెండూ ఉండే లెక్క అదే. ఆయన ఇంకో తమాషా చేశారు. ఈ బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటును వేరే గిన్నెలోని నీటికి పంపి ఆ నీటిని విడగొట్టారు. అంటే ఇక్కడ నీరు తయారవుతుంటే, ఆ బలంతో అక్కడ నీరు విడిపోతోంది. దానికి కనీసం 26 సీసాలు కావలసి వచ్చింది. ఒక్కో సీసా నుంచి వచ్చే కరెంటు అంత తక్కువ.

ఇది అబద్ధం అనుకునేవాళ్లు మనమే చేసి చూడొచ్చు. సైన్సు మేడం ముందర మేం నలుగురం చేశాం. రెండు పెన్సిళ్లను రెండు కొసలా చెక్కి, గ్లాసు నీళ్లలో కొంచెం వంటసోడా కలిపి, అందులో నిలబెట్టాలి. ఉప్పు మాత్రం వేయకండి, క్లోరిన్ వస్తుంది. పై కొసలకు 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే కింద సీసం చుట్టూ బుడగలు పడతాయి. రెండు నిమిషాల తర్వాత బ్యాటరీ తీసేసి, ఆ తీగలకే మల్టీమీటరు పెట్టాలి. బ్యాటరీ లేకపోయినా మీటరు వోల్టులు చూపించింది! సీసానికి అంటుకుని ఉన్న బుడగలే కరెంటు ఇస్తున్నాయి. కాసేపటికి అంకె తగ్గుతూ తగ్గుతూ పోయింది. చూసిన పిల్లలు మల్టీమీటరు పాడైందన్నారు. మళ్లీ చేసి చూపిస్తే నమ్మారు.

మరి కరెంటు అంత తక్కువ ఎందుకు వస్తోంది? దీనికి జవాబు గ్రోవ్ గారే కనిపెట్టారు. ఈయన గొప్పతనం నాకు ఇక్కడే ఎక్కువ కనిపించింది. వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ ఒకదాన్ని ఒకటి తాకే చోట మాత్రమే పని జరుగుతుంది. గొట్టంలో రేకు కొంత ద్రవంలో మునిగి, కొంత వాయువులో ఉంటుంది కదా, ఆ రెండింటికీ మధ్య ఉండే తడి అంచు దగ్గరన్నమాట. మిగతా రేకంతా దండగే. ఆ అంచును ఎంత పెంచితే అంత కరెంటు. అందుకే ఆయన నున్నటి రేకుకు బదులు మెత్తటి ప్లాటినం పొడి పట్టించిన గరుకు రేకు వాడారు.

ఇది అర్థం కావాలంటే మన పాతబస్తీలో వరఖు కొట్టేవాళ్లను చూడాలి. చార్మినార్ దగ్గర సందుల్లో పోతుంటే టకటక టకటక అని సుత్తి చప్పుడు వినిపించేది వాళ్ల దగ్గర నుంచే. ఇప్పుడు మిషన్లు వచ్చి వాళ్లు కొద్దిమందే మిగిలారు. చిన్న వెండి ముక్కను పొరల మధ్య పెట్టి గంటల తరబడి కొడతారు. అది అరచేతి కన్నా పెద్దగా పరుచుకుంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. స్వీట్ల మీద, పాన్ మీద అంటించేది దాన్నే. వెండి బరువు పెరగలేదు, పరుచుకున్న జాగా పెరిగింది. ఫ్యూయల్ సెల్ కథ అంతా ఇదే. వెండి కన్నా ఎంతో ఖరీదైన ప్లాటినంను ఇంకా ఇంకా పలుచగా ఎట్లా పరచాలి అని గ్రోవ్ గారి తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలు తన్నుకులాడారు.

గ్రోవ్ గారు ఇంకో పెద్ద మాట కూడా చెప్పారు. వేడి, వెలుగు, కరెంటు, అయస్కాంతం, కదలిక ఇవన్నీ ఒకదానిలో నుంచి ఒకటి పుట్టేవే అని. దీని మీద 1846లో పుస్తకం అచ్చువేశారు. ఫొటో తీసే వెండి పలక మీద వెలుగు పడనిస్తే చాలు, తీగలో కరెంటు పుట్టి, ముల్లు కదిలి, సన్నని లోహపు చుట్ట వేడెక్కేటట్లు ఒక పెట్టె చేసి చూపించారు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుంది అని మనం ఇప్పుడు గడగడ అప్పజెప్పే పాఠానికి దారి వేసినవాళ్లలో ఈయన ఒకరు. 1847లో రాయల్ సొసైటీ వాళ్లు ఆయనకు పతకం ఇచ్చారు.

ఇంత చేసినాయన సైన్సులోనే ఉండిపోలేదు. 1846లో ప్రొఫెసరు పని వదిలేసి మళ్లీ వకీలు పనిలో పడ్డారు. పిల్లలున్న ఇల్లు, ప్రయోగాలతో సంసారం గడవదు కదా. 1853లో రాణిగారి కౌన్సిల్ వకీలు అయ్యారు. 1856లో విలియం పామర్ అనే డాక్టరు మీద విషప్రయోగం కేసు నడిచింది. ముద్దాయి తరఫు వకీళ్లలో గ్రోవ్ గారు ఒకరు. కేసు ఓడిపోయారు, పామర్‌ను ఉరి తీశారు. 1871లో జడ్జి అయ్యారు, మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. 1887లో రిటైరై, 1896 ఆగస్టు 1న లండన్‌లో చనిపోయారు. ఆయన సైన్సు వదిలేయడం తప్పు అని మా నలుగురిలో ఒకామె వాదించింది. నేను ఒప్పుకోలేదు. గ్యాసు బ్యాటరీతో అప్పుడు ఒక బల్బు వెలిగించాలన్నా బోలెడంత ప్లాటినం కావాలి. డైనమో వచ్చాక బొగ్గుతో కరెంటు చవకగా వచ్చేసింది. ఆయన సీసాలను ఎవరూ అడగలేదు.

చనిపోయేదాకా ఎవరూ ముట్టుకోలేదని కాదు. 1889లో లుడ్విగ్ మాండ్, చార్లెస్ లాంగర్ అనే ఇద్దరు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో ప్రయత్నించారు. ప్లాటినం ఖర్చు వాళ్లను కూడా ఆపేసింది. 1923లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే ఆయన కేంబ్రిడ్జిలో ఉపన్యాసం ఇస్తూ, బొగ్గు అయిపోయిన రోజున గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ దాచుకోవచ్చని, గాలి లేని రోజున దాన్ని ఇట్లాంటి సెల్‌లలో కలిపి కరెంటు తీసుకోవచ్చని చెప్పారు. ఈ హాల్డేన్ గారు తర్వాత మన దేశానికి వచ్చి భారతీయుడైపోయారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇది నాకు కొత్త సంగతి, అందుకే రాశాను.

ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే ఇంజనీరు ప్లాటినం మానేసి నికెల్ వాడి, 1959లో వెల్డింగ్ మిషను నడిచేంత ఫ్యూయల్ సెల్ చేసి చూపించారు. ఆయన పద్ధతి సెల్‌లే చంద్రుడి మీదికి పోయిన అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చాయి, వాటి నుంచి వచ్చిన నీళ్లనే లోపలివాళ్లు తాగారు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలి, ఈ సెల్‌లకు ఆక్సిజన్ అందక ఆగిపోయాయి. ముగ్గురూ చలికి వణుకుతూ ప్రాణాలతో తిరిగి రావడం పెద్ద కథ. ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు మట్టిగోడ దగ్గరికి వద్దాం. 1955లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో థామస్ గ్రబ్ అనే ఆయన గ్యాసు బ్యాటరీలో ఆమ్లం నిండిన సీసా ఎందుకు అనుకున్నారు. దాని బదులు ఒక ప్లాస్టిక్ పొర పెట్టారు. 1958లో లెనార్డ్ నీడ్రాక్ ఆ పొర మీదనే ప్లాటినం అతికించారు. దీన్ని ప్రోటాన్ మార్పిడి పొర అంటారు. అదెట్లా పనిచేస్తుందో మా ఊరి చేను కంచెతో చెప్తాను. కంచె కింద సందు ఉంటే చిన్నపిల్లలు దూరి అవతలికి పోతారు. నెత్తిన మోపు ఉన్న అమ్మ దూరలేదు. బాట మీద చుట్టూ తిరిగి రావాలి. హైడ్రోజన్ పరమాణువు ప్లాటినం దగ్గర రెండుగా విడిపోతుంది. ప్రోటాన్ పొరలో దూరి అవతలికి పోతుంది. ఎలక్ట్రాన్‌ను పొర పోనివ్వదు. అది తీగ వెంట చుట్టూ తిరిగి పోవాలి. ఆ తిరిగి పోయే దారిలో మనం బల్బు పెడతాం, మోటారు పెడతాం. అవతల ఇద్దరూ ఆక్సిజన్‌ను కలుసుకుని నీరు అవుతారు.

చెప్పడం సులువే. ఆ పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లు పోతాయి. ఎండిపోతే దారి మూసుకుంటుంది. మరీ తడి అయితే సందులు నీళ్లతో నిండి ఆక్సిజన్ లోపలికి రాలేదు. హైడ్రోజన్‌లో కాస్త కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ప్లాటినంకు అంటుకుని పని ఆపేస్తుంది. 1965 ఆగస్టులో జెమిని 5 అంతరిక్ష నౌకలో మొదటిసారి ఈ పొర సెల్‌లు పోయాయి. పొర మంచిది కాక, వాటి నీళ్లు తాగడానికి పనికిరాలేదు. తర్వాత డూపాంట్ కంపెనీ చేసిన నాఫియాన్ అనే పొర వచ్చింది. అది చాలా కాలం మన్నుతుంది. ఇప్పటి పొరలు వెంట్రుక కన్నా సన్నం.

ప్లాటినం సంగతి ఏమైంది? 1980లలో కూడా చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా పట్టేది. అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాల వాళ్లు ప్లాటినం అంటిన బొగ్గుపొడికి నాఫియాన్ ద్రావణం పట్టించారు. అప్పుడు పొడిలోని ప్రతి రేణువు చుట్టూ గ్రోవ్ గారి తడి అంచు ఏర్పడింది. ప్లాటినం పదో వంతుకు, అంటే 0.4 మిల్లీగ్రాములకు దిగింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. రేణువులు ఇప్పుడు 2 నుంచి 5 నానోమీటర్లే. ఏ వరఖు సుత్తీ అంత దూరం పోలేదు. 2014లో టయోటా కంపెనీ మిరాయ్ అనే కారును ఈ సెల్‌తో అమ్మకానికి పెట్టింది.

మనకు దగ్గర్లో కూడా దీనికి చుట్టరికం ఉంది. చాంద్రాయణగుట్ట దాటి పోతే వచ్చే బాలాపూర్ అంటే అందరూ వినాయకుడి లడ్డూ అంటారు. ఏ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ అక్కడే ఉంది. లోహపు పొడుల మీద పరిశోధన దాని పని. ఆ సంస్థకే చెన్నైలో ఉన్న కేంద్రంలో ఈ పొర ఫ్యూయల్ సెల్‌లు తయారు చేస్తున్నారు.

బొగ్గును మండించి, నీళ్లు కాచి, ఆవిరితో చక్రం తిప్పితే బొగ్గులోని శక్తిలో మూడో వంతు చుట్టుపక్కల మాత్రమే కరెంటు అవుతుంది. ఫ్యూయల్ సెల్ సగం దాకా ఇస్తుంది. మా వైపు బొగ్గు లారీలు మా అమ్మ పుట్టకముందు నుంచి పోతున్నాయి, కరెంటు స్తంభం మాత్రం మా గూడేనికి నేను పుట్టాక వచ్చింది. అందుకని నేను ఈ విషయం చదివేటప్పుడు రెండు ప్రశ్నలు పక్కన రాసుకున్నాను. హైడ్రోజన్ ఎక్కడిది? ప్లాటినం ఎవరి ఊరి కింద నుంచి వస్తుంది?

హైడ్రోజన్ ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నారు, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంది. ఎండ కరెంటుతో నీటి నుంచి తీస్తే రాదు, ఖర్చు మాత్రం ఎక్కువ. ప్లాటినంలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా గనులది. అక్కడ గని పైన ఉన్న ఊళ్ల పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారో అని నాకు అనిపించింది. అసలు ప్లాటినం లేకుండానే పని జరగాలని కొందరు ఇనుము, నత్రజని, కార్బన్ కలిపి ఉత్ప్రేరకం చేస్తున్నారు. మొదట్లో బాగానే పనిచేస్తుంది, ప్లాటినం అంత కాలం నిలవడం లేదు. దాని మీదనే ఇప్పుడు ప్రయోగశాలల్లో తన్నులాట. ఇనుమైతే మా అయ్య గొడ్డలిలో కూడా ఉంది.